ఇసుకను నిలబెట్టే సబ్బు నురగ

కొత్తపట్నం ఇసుక నేలలో బావి దింపించిన రైతుకు ఈ సంగతి ఎవరూ చెప్పనక్కరలేదు. పైన పొడి ఇసుక తవ్వుతుంటే అంచులు జారి గొయ్యి పూడుతుంది. కొంచెం దిగాక చెమ్మ ఇసుక తగులుతుంది. అది కాసేపు నిటారుగా నిలబడి ఆశ పెడుతుంది. ఇంకా దిగి ఊట తగిలిందా, కథ మళ్ళీ మొదటికి వస్తుంది. నీరూ ఇసుకా కలిసి అడుగు నుంచి పొంగుతాయి. పారతో తీసినంత మేరా చూస్తుండగానే పూడిపోతుంది. అందుకే మన సముద్రపు ఒడ్డు పల్లెల్లో ముందు వర పెట్టి, దాని లోపల ఇసుక తోడుతూ, వర తన బరువుకు తానే దిగేలా చేస్తారు. తొందరపడి అడుగున ఎక్కువ తోడితే చుట్టూ నేల కుంగుతుంది, వర ఒక పక్కకు ఒరుగుతుంది. దొరువులు తవ్వేవారైతే నిటారు గోడ జోలికే పోరు. వెడల్పుగా, వాలుగా తీసి ఊరుకుంటారు.

ఈ బావినే అడ్డంగా పడుకోబెట్టి, బజారు కింద, మేడల కింద, నది కింద కిలోమీటర్ల పొడవున తవ్వాలంటే ఎలా? నగరాల్లో భూమి లోపల రైలు దారి వేసే ఇంజనీర్లకు రోజూ ఎదురయ్యే ప్రశ్న ఇదే. దీనికి దొరికిన జవాబుల్లో ఒకటి వింటే మన ఆడవాళ్ళు నవ్వుతారు. అది సబ్బు నురగ.

అడ్డంగా దింపే వర

ఇసుకలోనూ, బురదలోనూ సొరంగం తవ్వాలంటే తవ్వేవారి చుట్టూ ఒక ఇనుప కవచం ఉండాలన్న ఆలోచన మార్క్ బ్రూనెల్ అనే ఇంజనీరుది. 1818లో ఆయన దానికి పేటెంటు పొందాడు. 1825లో లండన్‌లో థేమ్స్ నది కింద పని మొదలుపెట్టి 1843లో గాని పూర్తి చేయలేకపోయాడు. మధ్యలో 1827లో ఒకసారి, 1828 జనవరిలో ఇంకోసారి నది పైకప్పు చీల్చుకుని లోపలికి దూకింది. రెండోసారి ఆరుగురు పనివాళ్ళు చనిపోయారు. ఆ సొరంగంలో నేటికీ రైళ్ళు నడుస్తున్నాయి.

ఆ తర్వాత సొరంగంలోకి గాలిని ఒత్తిడితో పంపి నీటిని వెనక్కు నెట్టే పద్ధతి వచ్చింది. నీరు ఆగింది కాని మనుషులకు జబ్బులు వచ్చాయి. ఒత్తిడి గాలిలో గంటల కొద్దీ పనిచేసి ఒక్కసారిగా బయటికి వస్తే రక్తంలో గాలి బుడగలు కడతాయి. కీళ్ళు పట్టేస్తాయి, కొందరికి కాళ్ళు పడిపోతాయి, ప్రాణమే పోవచ్చు. ఆ గాలి కూడా ఒక్కోసారి పైనున్న మన్నును చీల్చుకుని పోయేది. 1880లో అమెరికాలో హడ్సన్ నది కింద అలా జరిగి 20 మంది మరణించారు.

ఇప్పటి యంత్రం వేరు. ఆరేడు మీటర్ల వ్యాసం గల ఉక్కు పీపా అనుకోండి. ముందు భాగంలో పళ్ళున్న పెద్ద చక్రం తిరుగుతూ మన్ను గీకుతుంది. గీకిన మన్ను చక్రం వెనుకనున్న గదిలో నిండుతుంది. ఆ గదికి వెనుక గట్టి ఉక్కు గోడ ఉంటుంది, మనుషులంతా ఆ గోడకు ఇవతలే ఉంటారు. వడ్రంగి బరమాలాగా మెలి తిరిగిన పెద్ద మర ఒకటి గదిలోని మన్నును కొంచెం కొంచెంగా వెనక్కు లాగి పట్టా మీద పోస్తుంది. పీపా తోక భాగంలో సిమెంటు పలకలను గుండ్రంగా బిగించి వర కడతారు. ఆ వరనే తన్నిపెట్టి జాకీలు యంత్రాన్ని ముందుకు నెడతాయి.

ఇందులో కీలకం ఆ గదే. అది ఎప్పుడూ మన్నుతో కిక్కిరిసి ఉండాలి. బయటి నేల, నీరు ఎంత బలంతో లోపలికి తోస్తున్నాయో, గదిలోని మన్ను అంతే బలంతో ఎదురు తోయాలి. 20 మీటర్ల లోతున నీటి తోపుడే చదరపు మీటరుకు 20 టన్నులు. చక్రం ముఖం 30 చదరపు మీటర్లకు పైగా ఉంటుంది కనుక నీటి బలం ఒక్కటే 600 టన్నులు దాటుతుంది. దాన్ని ఆపేది తవ్విన మన్నే. జపాన్‌వారు ఈ రకం యంత్రాన్ని 1974లో మొదటిసారిగా పనిలో పెట్టారు.

ఇసుక పెట్టే పేచీ

జిగట మన్నయితే ఈ ఏర్పాటు బాగా నడుస్తుంది. మన్ను మెత్తగా గదినిండా పరుచుకుంటుంది, మరలో బిరడాలా బిగుస్తుంది, నీటిని రానివ్వదు. పేచీ అంతా ఇసుకతోనే. ఇసుక రేణువుకూ రేణువుకూ మధ్య రాపిడి ఎక్కువ. ఒత్తిడిలో అది పారదు, బిగుసుకుంటుంది. చక్రం తిరగడానికి రెట్టింపు బలం కావాలి, గది వేడెక్కుతుంది, ఉక్కు పళ్ళు ఆకురాయి మీద రాసినట్టు అరుగుతాయి. మర నోటి దగ్గర ఇసుక కమాను కట్టి అడ్డుపడుతుంది. పోనీ నీళ్ళు పోసి జారేలా చేద్దామంటే, నీళ్ళు రేణువుల సందుల్లోంచి తమ దారిన పోతాయి, ఇసుక అడుగుకు దిగిపోతుంది. బయటి ఊట నీరు కూడా అదే సందుల్లోంచి మర గుండా పిచికారీలా చిమ్ముకొస్తుంది. ఆ నీటితో ఎంత ఇసుక కొట్టుకొచ్చిందో పైన రోడ్డు కుంగినప్పుడు గాని తెలియదు.

ఇక్కడే నురగ పనికొస్తుంది. దీన్ని ఇసుక నేలల్లో వాడడం జపాన్‌లోనే 1980 ప్రాంతంలో మొదలైంది. తర్వాత ఐరోపాకు, మిగతా దేశాలకు పాకింది. నీటిలో నూటికి 2, 3 పాళ్ళు సబ్బులాంటి మందు కలుపుతారు. మనం తలకు రుద్దుకునే షాంపూలో నురగ తెప్పించే పదార్థం జాతిదే అది. ఆ నీటినీ ఒత్తిడి గాలినీ కలిపి, గాజు గోళీలో జల్లెడలో కుక్కిన గొట్టంలోంచి తోస్తారు. అవతలి కొసన గడ్డం గీసుకునే నురగలాంటి సన్నని చిక్కని నురగ వస్తుంది. దాన్ని చక్రం ముఖంలోని రంధ్రాల గుండా ఎదుటి ఇసుకలోకీ, వెనుక గదిలోకీ, అవసరమైతే మరలోకీ ఎక్కిస్తారు.

బుడగలు రేణువుల మధ్యకు చేరి వాటిని ఎడం చేస్తాయి. రేణువు రేణువు మీద కాక బుడగ మీద దొర్లుతుంది. రాపిడి తగ్గి, చక్రం తేలిగ్గా తిరుగుతుంది. సందులన్నిటినీ బుడగలు ఆక్రమించుకున్నందువల్ల నీటికి దారి మూసుకుపోతుంది. ఇంకో మేలు కూడా ఉంది, నా దృష్టిలో అన్నిటికన్నా పెద్దది అదే. ఇనప పట్టీ చక్రాల బండి మీద ప్రతి రాయీ నడుముకు తెలుస్తుంది. గాలి టైర్ల బండి మీద తెలియదు. గదిలో ఒట్టి ఇసుక, నీరు ఉన్నప్పుడు మర రెండు చుట్లు ఎక్కువ తిరిగితే చాలు, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోతుంది, ఎదుటి నేల విరిగి పడుతుంది. నురగ కలిసిన ఇసుకలో గాలి ఉంటుంది కనుక అది టైరులా సాగి సర్దుకుంటుంది. యంత్రం నడిపేవాడికి తప్పు దిద్దుకునేందుకు వ్యవధి దొరుకుతుంది.

గారెల పిండి పాకం

ఎంత నురగ కావాలో లెక్క వేసి చూద్దాం. యంత్రం వ్యాసం 6.6 మీటర్లు, ఒక్కో వర నిడివి 1.4 మీటర్లు అనుకుంటే, ఒక వర ముందుకు జరగడానికి దాదాపు 48 ఘనపు మీటర్ల నేల తీయాలి. మన 100 ఘనపుటడుగుల ట్రాక్టరు తొట్టి లెక్కన 17 తొట్లు. దానికి నూటికి 40 వంతున నురగ పోస్తే 19 ఘనపు మీటర్లు అవుతుంది. నురగ పదింతలు పొంగినది కనుక అందులో అసలు ద్రావణం 1900 లీటర్లే, అందులో మందు 57 లీటర్లు. మిగిలినదంతా గాలి. 48 ఘనపు మీటర్ల ఇసుకకు రెండు ఘనపు మీటర్లయినా నిండని నీరు! నురగ గొప్పతనం ఇక్కడుంది. ఇసుక జారుతుంది, కాని చిత్తడి కాదు. బయటికి వచ్చిన మన్నును లారీలో ఎత్తుకుపోవచ్చు.

ఈ పాళ్ళు అన్నిచోట్లా ఒకటి కావు. సన్న ఇసుకకు ఒక పాలు, ముతక ఇసుకకు ఒక పాలు. అసలు పని మొదలుపెట్టక ముందే ఆ నేల మన్ను తెచ్చి, నురగ కలిపి పరీక్షిస్తారు. పరీక్ష మన తాపీ మేస్త్రీలకు తెలిసినదే. శ్లాబు కాంక్రీటుకు వాడే 30 సెంటీమీటర్ల ఎత్తు రేకు గరాటానే తెచ్చి, అందులో నురగ కలిపిన ఇసుక నింపి, గరాటా పైకి తీస్తారు. కుప్ప 10 నుంచి 20 సెంటీమీటర్ల వరకు దిగితే పాకం కుదిరినట్టు. దిగకపోతే గట్టి, ఒలికిపోతే పలచన. గారెల పిండి రుబ్బే ఇల్లాలు చేత్తో చూసి చెప్పేదీ ఇదే. గారె చేతిలో నిలవాలి, నూనెలోకి జారాలి.

నురగ ఎంత బాగున్నా ఆఖరి కాపలా లెక్కదే. వర వరకూ ఎంత మన్ను వచ్చిందో పట్టా మీదనే తూకం వేస్తారు. తవ్విన మన్ను గుల్లబారి పెరుగుతుంది గనుక ఆ పెరుగుదల కూడా చూసుకుని, 17 తొట్లు రావలసిన చోట 20 తొట్లు వచ్చాయంటే ఆ మూడు తొట్లు ఎక్కడివి? ఎవరి ఇంటి పునాది కిందివో అయి ఉండాలి.

బౌబజార్‌లో ఆ రాత్రి

ఈ రకం యంత్రాలతోనే కలకత్తాలో 2017లో హుగ్లీ నది కింద జంట సొరంగాలు తవ్వారు. నది వెడల్పు అర కిలోమీటరు పైచిలుకు. అంత నీరు నెత్తిమీద పెట్టుకుని యంత్రాలు క్షేమంగా ఆవలి గట్టు చేరాయి. 2024 మార్చి 15 నుంచి హౌరా మైదాన్, ఎస్ప్లనేడ్‌ల మధ్య నది కింద రైలు నడుస్తోంది.

నదిని దాటినవారికి అసలు పరీక్ష ఊళ్ళో ఎదురైంది. 2019 ఆగస్టు 31న బౌబజార్ అనే పాత పేట కింద యంత్రం భూగర్భ జలపొరను తాకింది. నీరు, దాంతోపాటు మెత్తని మన్ను సొరంగంలోకి ప్రవహించాయి. పైన దుర్గా పితురి లేన్, శ్యాక్రాపాడా లేన్‌లలో గోడలు బీటలు వారాయి, కొన్ని ఇళ్ళు కూలిపోయాయి. శ్యాక్రా అంటే బెంగాలీలో కంసాలి. తరతరాలుగా బంగారు పని చేసుకునే సందులవి. వందల మంది కట్టుబట్టలతో బయటికి వచ్చి హోటళ్ళలో తలదాచుకున్నారు. 2022లో మే నెలలోనూ, అక్టోబరులోనూ అదే పేటలో మళ్ళీ ఇళ్ళు బీటలు ఇచ్చాయి. మధ్యలో ఆగిన ఆ ముక్క మీద, ఎస్ప్లనేడ్ నుంచి సియాల్దా వరకు, 2025 ఆగస్టు 22న గాని రైలు నడవలేదు. నది కింద నెలల్లో అయిన పనికి ఒక పేట కింద ఆరేళ్ళు పట్టింది.

నురగ పోసినంత మాత్రాన నేల మాట వింటుందని ఎవరూ అనుకోరాదు. జలపొర ఎక్కడుందో, ఎంత ఒత్తిడితో ఉందో ముందుగా తెలిసి ఉండాలి. నీటి ఒత్తిడి మరీ ఎక్కువైనా, ఇసుక మరీ ముతకగా గులకరాళ్ళతో ఉన్నా బుడగలు నిలవవు, సందుల్లోంచి పారిపోతాయి. అప్పుడు నురగతోపాటు బెంటనైటు మన్ను ద్రావణమో, జిగురు మందో కలపాలి. బోర్లు వేసేవారు వాడే బెంటనైటే అది.

యంత్రం ఆగితే మరీ ప్రమాదం. నురగకు ఆయుష్షు తక్కువ. కాసేపటికి బుడగలు చితికి గాలి గది పైభాగానికి, ఇసుక అడుగుకు చేరతాయి. నిన్నటి గారెల పిండి ఇవాళ్టికి ఇసుకగడ్డ అవుతుంది. అందుకే ఎక్కువ సేపు ఆపవలసి వస్తే గదిలో బెంటనైటు నింపి ఒత్తిడి నిలబెడతారు.

మన తెలుగువాళ్ళు కంప్యూటర్ ఉద్యోగాల్లో ఎందరో ఉన్న అమెరికా నగరం సియాటిల్‌లో ఈ ఆగిపోవడం ఎంత దూరం పోయిందో చూడండి. అక్కడ రోడ్డు సొరంగానికి 17.5 మీటర్ల వ్యాసం గల యంత్రాన్ని దించారు. అప్పటికి ప్రపంచంలో అంత పెద్దది లేదు. నురగ ఎక్కించుకుంటూ సాగే రకమే. 2013 డిసెంబరులో, దాదాపు 300 మీటర్లు పోయేసరికే ఆగిపోయింది. చూస్తే ప్రధాన బేరింగును కాపాడే సీళ్ళు దెబ్బతిని లోపలికి ఇసుక చేరింది. 36 మీటర్ల లోతు గొయ్యి తవ్వి, చక్రాన్ని పైకి ఎత్తి బాగుచేసి, మళ్ళీ నడిపేసరికి 2015 డిసెంబరు వచ్చింది. రెండేళ్ళు. దారిలో పాత బోరు ఉక్కు గొట్టం తగలడమే కారణమని గుత్తేదార్లు, కాదని ప్రభుత్వం కోర్టుకెక్కాయి. 2019లో జ్యూరీ ప్రభుత్వం పక్షాన తీర్పు చెప్పింది. అదే ఏడాది ఫిబ్రవరిలో ఆ దారి తెరిచారు.

పళ్ళు మార్చే మనుషులు

యంత్రం ఎంత గొప్పదైనా అరిగిన పళ్ళు మార్చడానికి మనిషే గదిలోకి దూరాలి. ఇసుక నేలల్లో అలా దూరాలంటే గదిలోని మన్ను కొంత తీసి, దాని స్థానంలో ఒత్తిడి గాలి నింపి, ఆ గాలిలో పనిచేయాలి. నూరేళ్ళ నాటి జబ్బు భయం ఇక్కడ మళ్ళీ ఎదురవుతుంది. ఇప్పుడు డాక్టరు పర్యవేక్షణ, లెక్క ప్రకారం మెల్లగా ఒత్తిడి తగ్గించే గదులు ఉన్నాయి గనుక పూర్వమంత ముప్పు లేదు. అయినా ఎంత తక్కువ సార్లు దూరితే అంత మంచిది. నురగ వల్ల పళ్ళు అరగడం తగ్గుతుంది. పళ్ళు నిలిచినన్నాళ్ళు మనిషి ఆ గదిలోకి పోనక్కరలేదు. నురగకు పెట్టే ఖర్చును మందు డబ్బాల ధరతో కొలిచే గుత్తేదారు ఈ సంగతి కూడా లెక్కలో వేసుకోవాలి.

మన వెలిగొండ మాటేమిటి?

ఈ జిల్లాలో సొరంగం అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది వెలిగొండ. నల్లమల కింద 18 కిలోమీటర్లకు పైబడిన జంట సొరంగాలు. అక్కడా యంత్రాలతో తవ్వారు, కాని ఆ యంత్రాలు వేరు జాతివి. కొండరాయి తనంత తాను నిలుస్తుంది గనుక ముందు గదిలో మన్ను ఒత్తిడి, నురగ అక్కరలేదు. రాయిని నలిపే గుండ్రటి ఉక్కు బిళ్ళలతో పని జరుగుతుంది.

అయితే రాతిలోనూ అక్కడక్కడా నలిగిన పొర, అందులో నీరు, బురద ఉంటాయి. నల్లమలకు అవతలి పక్కన శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగంలో 2025 ఫిబ్రవరి 22న జరిగినది ఎవరూ మరిచిపోలేదు. దోమలపెంట వైపు నుంచి దాదాపు 14వ కిలోమీటరు దగ్గర పైకప్పు కూలి, నీరు, బురద ముంచెత్తి 8 మంది చిక్కుకున్నారు. మార్చి నెలాఖరుకు ఇద్దరి దేహాలు మాత్రమే బయటికి తీయగలిగారు. రాతి యంత్రానికి ఎదుట మన్నుతో నిండిన గది ఉండదు. నేల ఒక్కసారిగా పారడం మొదలైతే ఎదురు తోసేది ఏదీ ఉండదు. ఇసుకలో ప్రతి మీటరూ ప్రమాదమేనని తెలుసు గనుక అక్కడ ప్రతి మీటరుకూ కాపలా ఉంటుంది. రాతిలో నూరు మీటర్లు నిశ్చింతగా సాగి, నూట ఒకటో మీటరు దగ్గర నేల మారుతుంది. ముందుకు సన్నని రంధ్రం వేసి పరీక్షించుకుంటూ పోవడం అక్కడ తప్పనిసరి.

ఆ మన్ను ఎక్కడ పోస్తారు?

నగరం కింద తవ్విన మన్ను చివరకు ఊరి బయట పల్లెలకే చేరుతుంది. నురగ కలిసిన ఇసుక అప్పుడే వచ్చినప్పుడు చూస్తే మెత్తగా, బుడగలతో, సబ్బు వాసనతో ఉంటుంది. కొద్ది రోజుల్లో గాలి పోయి మళ్ళీ ఇసుకలా గట్టిపడుతుంది. మందు మాత్రం అంత తొందరగా పోదు. నేలలోని సూక్ష్మజీవులు దాన్ని తినేస్తాయి, అందుకు రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. మందు రకాన్ని, మోతాదును, మన్నును బట్టి వ్యవధి మారుతుంది. అంతలో వాన పడి ఆ నీరు చెరువులోకి దిగితే చేపలకు, నీటి పురుగులకు హాని. ఇటలీలో శాస్త్రజ్ఞులు దీన్ని ప్రత్యేకంగా పరిశోధించారు. మన్నును గుట్టపోసి ఆరనిచ్చి, మందు విరిగిందని పరీక్షలో తేలాకనే వాడుకోవడం మంచి పద్ధతి. పల్లంలో మెరక వేయడానికి సొరంగం మన్ను తెచ్చి పోస్తామని ఎవరైనా వస్తే, ఎన్నాళ్ళ కిందట తవ్వినదో, నురగ కలిసిందో లేదో, పరీక్ష కాగితం ఉందో లేదో అడగవలసింది పంచాయతీయే. తాగునీటి చెరువు ఎగువన మాత్రం పోయనివ్వరాదు.

ఇంకొక్క సంగతి. నురగలో ఉన్నది ఒత్తిడి గాలి. దానికి తేలిక దారి దొరికితే ఆ దారినే పైకి వస్తుంది. నగరాల్లో సొరంగం పోయే దారిలో పూడ్చకుండా వదిలేసిన పాత బోరు ఉంటే, అందులోంచి ఇంటి పెరట్లో నురగ పొంగుతుంది. పైన అది వింతగా కనిపించినా, కింద గదిలో ఒత్తిడి పడిపోతున్నదనడానికి అదే గుర్తు. అందుకే యంత్రం దించేముందు ఇంటింటికీ తిరిగి ఎండిన బోర్ల జాబితా రాసుకుని, వాటిని అడుగు నుంచి సిమెంటుతో పూడుస్తారు.